మోగకుండా చేసుకున్న ఫోను

మైపాడు నుంచి కోడూరు దాకా సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలున్న ఎవరి ఫోను చూసినా, పొద్దున తొమ్మిది దాటితే మోత మొదలవుతుంది. మేత కంపెనీ పేరు చెప్పి ఒకరు, గుంటలో చల్లే మందుల పేరు చెప్పి ఒకరు, పర్సనల్ లోను అప్రూవ్ అయిందని ఒకరు, తిరుపతి దగ్గర ప్లాట్లున్నాయని ఒకరు. ఇవి చాలనట్టు క్రెడిట్ కార్డులు, ఆరోగ్య బీమా, పిల్లలకు ఇంజినీరింగ్ సీట్లు. కొన్నిటిలో మనిషే ఉండడు, రికార్డు చేసిన గొంతు మాట్లాడుతుంది. కొన్ని ఎత్తితే అవతల ఎవరూ పలకరు. రెండుసార్లు హలో అనగానే కట్టయిపోతాయి.

రొయ్యల రైతుకు ఫోను లేకపోతే రోజు గడవదు. సీడు ఏ హేచరీలో దొరుకుతుంది, ఇవాళ వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్య) ధరెంత, ఐసు లారీ ఎక్కడిదాకా వచ్చింది, పట్టుబడికి మనుషులొస్తారా రారా, అన్నీ ఫోన్లోనే తేలాలి. అందులో సగం తెలియని నంబర్లే ఉంటాయి. కొనేవాళ్లు మారతారు, డ్రైవర్లు మారతారు, వల లాగే కూలీల మేస్త్రీ సిమ్ము ఎప్పుడు మారుస్తాడో ఎవరికీ తెలియదు. అందుకే ఈ బెడద మాకు కాసేపు విసుక్కుని మరిచిపోయేది కాదు. ఆ సంగతి నాకు నష్టపోయాకే అర్థమైంది. ఆ నష్టం ఎలా వచ్చిందో, అందులో నా తప్పెంతో దాచకుండా రాస్తున్నాను. ఇంకొకరి గుంట మీద అదే జరగకూడదన్నదే నా తాపత్రయం.

నా నంబరు వీళ్లందరికీ ఎవరిచ్చారని చాలాకాలం మండిపడ్డాను. ఇచ్చింది నేనే. నెల్లూరు ట్రంకురోడ్డులో పండక్కి బట్టలు కొని లక్కీ డ్రా కూపను మీద రాసిచ్చాను. మేత కంపెనీలు పెట్టే రైతు సదస్సుల్లో భోజనాలకు ముందు ఒక రిజిస్టరు తిప్పుతారు, అందులో పేరు, ఊరు, ఎన్నెకరాలు, ఫోను నంబరు రాయాలి. అది తర్వాత ఎవరి చేతికి పోతుందని ఒక్కసారైనా అడగలేదు. ఆధార్ జిరాక్సు ఎక్కడ ఇచ్చినా సంతకం కింద నంబరు వేసి ఇవ్వడం అలవాటు. ఫోన్లో ఏదో యాప్ ఎక్కించుకుంటూ, మీ కాంటాక్టులు చూడొచ్చా అని అది అడిగితే చదవకుండానే ఒప్పుకున్నాను. నా నంబరు ఒక్కటే కాదు, నన్ను నమ్మి నంబర్లిచ్చిన చుట్టపక్కాలందరి నంబర్లూ దాని చేతిలో పెట్టినట్టయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నా నంబరు పంచుకునే హక్కు నాకుంది, మా మేనత్త నంబరు పంచే హక్కు నాకెక్కడిది?

ఇక ఫోను ఎత్తాక నేను చేస్తూ వచ్చింది ఇంకో రకం తప్పు. మనసు బాగున్న రోజు "తర్వాత చేయమ్మా, పనిలో ఉన్నా" అనేవాణ్ణి. మర్యాద అనుకునేవాణ్ణి. బాగోలేని రోజు తిట్టేవాణ్ణి. ఒకసారి మేత ధర పెరిగిన కోపం, బయ్యరు ధర తగ్గించిన కోపం కలిసి, లోను కావాలా సార్ అని అడిగిన ఒక ఆడపిల్లను అనకూడని మాటలన్నాను. ఆ అమ్మాయి "సారీ సార్, డిస్టర్బ్ చేశాను" అని పెట్టేసింది.

మా వీధిలోనే ఒక అమ్మాయి డిగ్రీ అయ్యాక చెన్నైలో టెలికాలరుగా చేరింది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని తన పని సంగతులు చెప్పింది. ఈ ఫోన్ల వెనక ఏం జరుగుతుందో నేను మొదటిసారి విన్నది ఆ పిల్ల నోటే.

"ఎత్తితే పలకరేందమ్మా?" అని అడిగాను.

"ఒక్కో నంబరు మేం చేత్తో కొట్టం బాబాయ్. మిషను ఒకేసారి చానా నంబర్లు కొడతాది. ముందెత్తినోళ్లకి మాలో ఖాళీగా ఉన్నోళ్లని కలుపుతాది. మిగతావాళ్లకి కలిపేదానికి మనిషుండరు. వాళ్లు హలో హలో అనుకోవాల్సిందే."

"మరి తర్వాత చేయమంటే నిజంగానే చేస్తారే!"

"చేస్తాం మరి. ఆ మాటన్నారంటే మేం 'కాల్ బ్యాక్' అని నొక్కాల. అది నొక్కినాక మేం మరిచిపోయినా మిషను మరిచిపోదు. వద్దమ్మా, నా నంబరు మీ లిస్టులోంచి తీసెయ్యి అని నెమ్మదిగా చెప్తే దానికి వేరే బటనుంది. అది నొక్కితే మా కంపెనీ నుంచి మళ్లీ రాదు. తిట్టినోళ్లకి మాత్రం ఏ బటను నొక్కాలో కూడా తోచదు బాబాయ్, చేతులు వణుకుతాయి. గబగబా పెట్టేస్తాం. వాళ్ల నంబరు మళ్లీ లిస్టులో తిరుగుతానే ఉంటాది."

మొదటి నెలలో ఎంతమంది ఏడ్చుకుంటూ మానేసి వెళ్లిపోయారో కూడా చెప్పింది. నేను తిట్టిన అమ్మాయి ఏ ఊరి పిల్లో నాకు తెలియదు. కావలి పిల్లో, ఆత్మకూరు పిల్లో, ఇల్లు గడవడానికి ఆ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆ నంబర్ల జాబితా తయారుచేసినవాడు వేరు, కొన్నవాడు వేరు. తిట్టు మాత్రం చదువుకుని పనికి పోయిన ఆడపిల్లకు తగిలింది. క్షమాపణ చెప్పే దారి కూడా నాకు లేకుండా పోయింది.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. అమ్ముకునేవాణ్ణీ మోసగాణ్ణీ నేను ఒకే గాటన కట్టాను. చట్టం అదుపు చేయగలిగేది అమ్ముకునేవాణ్ణి. వాడికో కంపెనీ, ఒక లైసెన్సు, పోగొట్టుకోవడానికి ఒక కనెక్షను ఉంటాయి. మోసగాడికి అవేవీ ఉండవు, వాడి దగ్గర పనిచేసేది మన జాగ్రత్త ఒక్కటే. ఈ తేడా తెలియక మొదటివాడి మీద ఫిర్యాదు చేయకుండా ఊరుకున్నాను, రెండోవాడికి భయపడి అందరికీ తలుపేసుకున్నాను.

ఫిర్యాదుకు దారి లేక కాదు. ఈ ఫోన్ల బాధ మీద 2005లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఫోన్లు వద్దనుకునే వాళ్ల నంబర్లు నమోదు చేసే జాతీయ జాబితా పెట్టింది. అది సరిగ్గా పనిచేయలేదు. 2010లో అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రి ప్రణబ్ ముఖర్జీ ప్రతిపక్ష నాయకులతో సమావేశంలో ఉండగా ఇంటి లోను కావాలా అని ఆయనకే ఫోనొచ్చిన సంగతి పత్రికల్లో పెద్ద వార్తయింది. ఆ ఏడాదే ట్రాయ్ కొత్త నిబంధనలు చేసింది. అవి 2011 సెప్టెంబరు 27 నుంచి అమల్లోకి వచ్చాయి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున తొమ్మిది దాకా వ్యాపార ఫోన్లు చేయకూడదని అందులో ఉంది. మా ఫోన్ల మోత సరిగ్గా తొమ్మిదికి ఎందుకు మొదలవుతుందో నాకు అది చదివాకే తెలిసింది. 2018లో వాటి స్థానంలో ఇంకా గట్టి నిబంధనలు వచ్చాయి. 1909 నంబరు ఇన్నేళ్లుగా ఉంది. స్టార్ట్ అని ఇంగ్లీషులో రాసి, పక్కన సున్నా పెట్టి, దానికి మెసేజీ పంపితే ప్రచార ఫోన్లన్నీ వద్దని నమోదవుతుంది. నేను పంపలేదు. "ఎవరు వింటార్లే" అనుకున్నాను. మా ఊళ్లో అందరమూ అలాగే అనుకున్నాం. ఎవరూ ఫిర్యాదు చేయని చోట అమ్ముకునేవాడికి భయమెందుకుంటుంది?

మిగ్‌జాం తుపాను వచ్చిపోయిన మరుసటి ఏడాది, అంటే 2024 వేసవి మొదట్లో నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు సరఫరా ఆపేస్తాం, వెంటనే ఈ ఆఫీసరుకు ఫోను చేయండి అని. ఊళ్లో ఉండేవాళ్లకు ఒక రాత్రి కరెంటు పోతే ఉక్కపోత, దోమలు. గుంటలో పంటున్నవాడికి సర్వం పోతుంది. ఎందుకో చెప్పాలి.

నీళ్లలో కరిగిన ఆక్సిజనే రొయ్యకు ఊపిరి. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములు ఉన్నంతసేపు అది చక్కగా మేత తింటుంది. మూడుకు దిగితే మేత తగ్గిస్తుంది. ఇంకా దిగితే అడుగున ఉండలేక పైకి తేలి గట్ల వెంట చేరుతుంది. పగలు ఎండలో నీళ్లలోని పచ్చనాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రయితే ఆ నాచే రొయ్యతో పాటు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున, సూర్యుడు పొడిచే ముందు, గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళల్లో నీళ్లలో గాలి కలిపే కరెంటు ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. వనామీ రకం రొయ్య వచ్చాక ఎకరానికి పిల్ల ఎక్కువ వదులుతున్నాం కాబట్టి ఏరియేటరు ఆగితే గడువు కూడా తక్కువే. మా ప్రాంతంలో ఎవర్ని నిద్రలో లేపి ఏమైందని అడిగినా ముందు "కరెంటు పోయిందా?" అంటారు.

ఆ మెసేజీ నా మీద ఎందుకు పనిచేసిందో ఇప్పుడు తెలుస్తుంది. అందులో ఉన్న నంబరుకు ఫోను చేశాను. అవతలివాడు ఆఫీసరు గొంతుతో, హిందీ కలిసిన తెలుగులో మాట్లాడాడు. పది రూపాయలు కడితే అప్‌డేట్ అవుతుందని, దానికి ముందు ఒక యాప్ ఎక్కించుకోమని చెప్పాడు. నా ఫోను తెర మొత్తం వాడికి కనబడేలా చేసే యాప్ అది. సగం ఎక్కించాక, సెలవుకు ఇంటికొచ్చిన మా అబ్బాయి చూసి ఫోను లాక్కున్నాడు. కరెంటు సంగతి ఏదైనా 1912కు ఫోను చేసి అడిగితే సరిపోయేది. గోడ మీదున్న బిల్లు తీసి చూసినా సరిపోయేది. కట్టిన రసీదు దానికే పిన్ను కొట్టి ఉంది.

డబ్బు పోలేదు కానీ ధైర్యం పోయింది. ఆ రాత్రే మా అబ్బాయితో, తెలియని నంబరు ఏదీ నా ఫోన్లో మోగకుండా చేసిపెట్టమన్నాను.

"నాన్నా, గుంట దగ్గరోళ్ల ఫోన్లు?" అన్నాడు వాడు.

"అందరి నంబర్లూ పేర్లతో ఉన్నాయి, నువ్వు చెయ్యి" అన్నాను.

వాడికి తట్టింది నాకు తట్టలేదు. ఫోను మోగడం ఆగిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. భోజనం మధ్యలో లేవక్కర్లేదు, పగటి నిద్ర చెడదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురికి నేనే దగ్గరుండి అలా మార్చిపెట్టాను కూడా.

పంట చేతికొచ్చే దశలో ఒక రాత్రి సముద్రం మీంచి ఈదురుగాలి లేచింది. లైను ట్రిప్పయింది. మా గుంట దగ్గర కాపలా ఉండే ఆయన జనరేటరు వేయబోతే అది స్టార్టు కాలేదు, బ్యాటరీ దిగిపోయింది. ఆ బ్యాటరీ మార్చమని ఆయన ముందే చెప్పాడు, రేపు మాపని జరిపాను. అది వేరే తప్పు, అదీ నాదే. తన ఫోను తీసి టార్చి వేసుకుని జనరేటరుతో కుస్తీ పడేసరికి దాని ఛార్జి అయిపోయింది. చీకట్లో గట్టు మీద పరుగెత్తి పక్క గుంటకు పోయాడు. అక్కడ కొత్తగా ఒడిశా నుంచి పనికొచ్చిన కుర్రాడున్నాడు. వాడి ఫోను అడిగి తీసుకుని, నోటికొచ్చిన నా నంబరు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు.

ఫోను నా తలగడ పక్కనే ఉంది. ఒడిశా కుర్రాడి నంబరు నా ఫోనుకు తెలియదు కాబట్టి అది మోగలేదు.

చివరికి ఆయన సైకిలు మీద ఇంటికొచ్చి తలుపు బాదాడు. పక్క రైతు జనరేటరు తెచ్చి, వైర్లు కలిపి, ఏరియేటర్లు తిప్పేసరికి తూర్పు తెల్లబడింది. గట్ల వెంట రొయ్య తేలిపోయి ఉంది. దొరికిన మనుషులతో అప్పటికప్పుడు పట్టుబడి చేశాం. ప్రాణంతో దొరికింది అయినకాడికి పోయింది. అడుగున చచ్చిపడింది పోయినట్టే. మేతకొట్టులో బాకీ అలాగే మిగిలింది.

కాపలా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నంబరు తప్పు కొడతన్నానేమో అనుకున్నానన్నా. ఆ పిల్లోణ్ణి లైటు పట్టమని, ఒక్కో అంకె చూసి మళ్లా కొట్నా" అన్నాడు. ఆయన తప్పు కొట్టలేదు. ఎవరు పిలిచినా పలకనని తీర్మానించుకున్నది నేను.

ఆ తర్వాత నాకు ఎటు చూసినా ఇదే కనబడింది. మా బంధువుల్లో సగం మంది తెలియని నంబరు ఎత్తరు. పెద్దవాళ్లకు పిల్లలే ఎత్తొద్దని నేర్పారు. మనిషి నిజంగా ఆపదలో ఉన్నప్పుడు చేతిలో సొంత ఫోను ఉండడం అరుదు. రోడ్డు మీద పడ్డవాడి తరఫున దారిన పోయేవాడు చేస్తాడు. ఆసుపత్రి నుంచి నర్సు చేస్తుంది. ఇంజను చెడి, కొట్టుకుపోయి ఏ తమిళనాడు రేవులోనో ఒడ్డెక్కిన మన పడవవాళ్లు ఇంటికి చేసే మొదటి ఫోను ఎవరో జాలిపడి ఇచ్చిన ఫోన్లోంచే వస్తుంది. ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆ ఫోను ఎత్తకపోతే?

2004 డిసెంబరు 26న సునామీ మన నెల్లూరు తీరాన్నీ కొట్టింది. ఇదే తీరంలో ఇంకా దక్షిణాన, పుదుచ్చేరి దగ్గర నల్లవాడు అనే మత్స్యకార గ్రామముంది. ఆ ఊరివాడొకడు సింగపూర్లో ఉంటూ టీవీలో సునామీ వార్త చూసి వెంటనే ఇంటికి ఫోను చేశాడు. ఊళ్లోవాళ్లు ఎమ్మెస్ స్వామినాథన్ ఫౌండేషన్ పెట్టిన సమాచార కేంద్రం మైకులో చాటింపు వేశారు. ఊరు మొత్తం ఒడ్డు వదిలి వెళ్లి ప్రాణాలు దక్కించుకుంది. ఆ ఉదయం ఆ ఫోను మోగింది, ఎవరో ఎత్తారు. సముద్రం పక్కన బతికేవాళ్లం ఎత్తడం మానుకోలేం.

అలాగని పాత మోతకు తిరిగి వెళ్లదలచుకోలేదు. ముందు ఆ సెట్టింగు తీసేశాను. ఫోన్లు తగ్గించే పని ఇంకో వైపు నుంచి మొదలుపెట్టాను.

1909కు పంపాల్సిన మెసేజీ పంపాను. ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ఎక్కించుకుని, ప్రచారం ఫోను ఏది వచ్చినా అందులో ఫిర్యాదు పెడుతున్నాను. ఈలోగా నిబంధనలూ గట్టిపడ్డాయి. 2024 ఆగస్టు 13న ట్రాయ్ టెలికాం కంపెనీలకు ఒక ఆదేశమిచ్చింది. రిజిస్టరు కాకుండా ప్రచార ఫోన్లు చేసేవాళ్ల కనెక్షన్లన్నీ తీసేయాలని, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టాలని దాని సారాంశం. మూడు వారాల్లోనే 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు తీసేసి, 50 సంస్థలను బ్లాక్‌లిస్టులో పెట్టినట్టు ట్రాయ్ ప్రకటించింది. 2025 ఫిబ్రవరి 12 నాటి సవరణ మా బోటివాళ్లకు ఇంకా ముఖ్యం. అంతకుముందు ఫోనొచ్చిన మూడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి, ఇప్పుడు ఏడు రోజుల దాకా చేయొచ్చు. రిజిస్టరు కాని నంబర్ల మీద కంపెనీ చర్యకు గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గించారు. పది రోజుల్లో ఒక నంబరు మీద ఐదు ఫిర్యాదులొస్తే చాలు, చర్య తీసుకోవాలి. అంతకుముందు ఏడు రోజుల్లో పది కావాల్సి వచ్చేది. మొదటి తప్పుకు 15 రోజులు వాళ్ల కనెక్షన్లన్నిటి నుంచీ ఫోన్లు పోకుండా ఆపుతారు. మళ్లీ చేస్తే ఏడాది పాటు కనెక్షన్లన్నీ పోతాయి. వద్దని ముందే నమోదు చేసుకోని వాళ్లు కూడా ఇప్పుడు ఫిర్యాదు చేయొచ్చు.

ఐదు ఫిర్యాదులు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా ఊళ్లో ఒకే మందుల ఏజెంటు ఒకే నంబరు నుంచి అందరికీ చేస్తాడు. ఐదుగురం కలిస్తే చాలన్నమాట. ఇన్నేళ్లూ ఒక్కరమూ కలవలేదు. ఇప్పుడు టీకొట్టు దగ్గర కూర్చున్నప్పుడు, నీకూ వచ్చిందా ఈ నంబరని ఒకర్నొకరం అడుగుతున్నాం. నేను పెట్టిన ఫిర్యాదుల్లో కొన్నిటికి చర్య తీసుకున్నామని జవాబొచ్చింది, కొన్ని చెల్లవని తిప్పి పంపారు. తిప్పి పంపినప్పుడు కారణం మామూలు మనిషికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలని నా గట్టి అభిప్రాయం. సగం మంది విసిగి మానేసేది అక్కడే.

నంబరు చూసి కొంత పోల్చుకోవడం కూడా నేర్చుకున్నాను. 140తో మొదలైతే అమ్మకం ఫోను. 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, ప్రభుత్వ సంస్థల నుంచి సేవకు సంబంధించి వచ్చే ఫోన్ల కోసం కేటాయించినవి. బ్యాంకులు ఈ వరసలే వాడాలని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది. మామూలు పదంకెల నంబరు నుంచి ఎవరైనా బ్యాంకు పేరు చెబితే మాట పొడిగించను. బ్యాంకుకు నేనే వెళ్తాను.

మోసగాడి సంగతి వేరు. వాడికి 1909 అంటే లెక్కలేదు. వాడు బయటి దేశంలో కూర్చుని మన దేశం నంబరులా కనబడేలా కూడా చేయగలడు. 2024 అక్టోబరులో అలాంటి ఫోన్లను ఆపే ఏర్పాటు పెడితే, మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల ఫోన్లను దొంగవని గుర్తించి ఆపారు. డబ్బు పోయిందంటే మరుక్షణం సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కు చేయాలి, ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అంత దూరం పోతుంది. పోకముందే అనుమానమొస్తే ప్రభుత్వం పెట్టిన సంచార్ సాథీ వెబ్‌సైటులో చక్షు అనే చోట ఆ నంబరు నమోదు చేయొచ్చు. అందులోనే మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా కనబడుతుంది. నా పేరు మీద నేనెరగని నంబరొకటి కనబడింది. ఏ జిరాక్సు కాయితంలోంచి పుట్టిందో తెలియదు. నాది కాదని తీసేయించాను. ఆ నంబరు నుంచి ఇంకెవరికి ఏ ఫోన్లు పోయాయో అన్న ఆలోచన నన్ను ఇంకా వదల్లేదు.

ఒక చవక సిమ్ము వేరే తీసుకున్నాను. దుకాణాలకు, సదస్సులకు, ఆన్‌లైన్లో కొనే వాటికి ఆ నంబరే ఇస్తాను. ఆ ఫోను ఇంట్లో బీరువా మీదుంటుంది, తీరికున్నప్పుడు చూస్తాను. రిజిస్టరు తిప్పితే ఇది ఎందుకని అడుగుతున్నాను. జవాబు లేకపోతే రాయను. టెలికాలర్లతో ఇప్పుడు ఒకటే మాట: "వద్దమ్మా, నా నంబరు లిస్టులోంచి తీసెయ్యండి." మా వీధి టెలికాలరు పిల్ల చెప్పింది నిజమే, కొన్ని కంపెనీల నుంచి మళ్లీ రాలేదు.

రాత్రి ఏర్పాటు ఒకటి అందరికీ చెప్పాలి, ఆ రోజు నాకు తెలియనిది ఇదే. ఆండ్రాయిడ్ ఫోన్లో డు నాట్ డిస్టర్బ్ పెట్టుకున్నా, అదే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి వస్తే మోగేలా ఒక సెట్టింగుంది. పేరు లేని నంబరైనా సరే, రెండోసారికి మోగుతుంది. ఆ రాత్రి పాత సెట్టింగుకు బదులు ఇది ఉండి ఉంటే ఒడిశా కుర్రాడి ఫోను నన్ను లేపేది. రాత్రంతా ఇప్పుడు నా ఫోను అలాగే ఉంటుంది. కాపలా ఆయనకు కూడా చెప్పాను, నేను ఎత్తకపోతే ఆగొద్దు, వెంటనే ఇంకోసారి కొట్టమని. షెడ్డు గోడకు ఒక కాయితం అంటించాం. నా నంబరు, మా ఇంట్లో ఇంకొక నంబరు, చుట్టుపక్కల గుంటల రైతులవి, లైన్‌మన్‌ది, జనరేటరు మెకానిక్‌ది. పక్క గుంట కుర్రాడి నంబరు నా ఫోన్లో పేరుతో ఉంది. వాడి ఫోన్లో నాది కూడా ఉంది. జనరేటరుకు కొత్త బ్యాటరీ వేశాను.

తెలియని నంబర్లు మోగకుండా మా వీధిలో నేనే మార్చిపెట్టిన వాళ్లలో ఇద్దరివి వెనక్కి మార్చాను. మూడో ఆయన ఒప్పుకోలేదు, "ఇప్పుడు ప్రశాంతంగా ఉంది, కదపొద్దబ్బా" అంటున్నాడు. ఆయనకూ గుంట ఉంది, కొత్తగా పిల్ల వదిలాడు. ఈ ఆదివారం ఆయన కాపలా మనిషిని కూడా వెంటబెట్టుకుని, వాళ్లింటికి మళ్లీ వెళ్తున్నాను.